ఎండ పడని గోడ

ఫిబ్రవరి 3, సోమవారం

గోడల తనిఖీకి కొత్త బిల్డింగు ఒప్పుకున్నాం. కొత్తదంటే మాకు కొత్త, దాని వయసు మాత్రం ఇంచుమించు నా వయసు. పద్నాలుగు అంతస్తులు, నాలుగు పక్కలా గోధుమరంగు టైల్సు. పోయిన వానల్లో పడమటి గోడ నుంచి ఒకటి ఊడి, కింద ఆగి ఉన్న కారు మీద పడిందట. "కారు కాబట్టి సరిపోయింది" అన్నారు సెక్రటరీగారు. కారు తాలూకు ఆయన అక్కడ లేడు కాబట్టి ఆ మాటా సరిపోయింది.

మా ఓనరుగారు బిల్డింగు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి "చూద్దాం" అన్నారు. ఆయన నోట ఇంకో మాట రాదు. సెలవు కావాలన్నా చూద్దాం, టీ తాగుతారా అన్నా చూద్దాం. ఆఫీసులో ఆయన పేరే చూద్దాంగారు అయిపోయింది. ఆయనకీ తెలుసు, పట్టించుకోరు.

డ్రోను ఎగరేసేది నేను. పక్కన నిలబడి గద్దలేమైనా వస్తున్నాయా అని ఆకాశం చూసేది తమ్ముడు. పోయిన ఏడాది ఇదే రోజుల్లో అక్కాతమ్ముళ్ళం ఇద్దరం వంతులేసుకుని తాళ్ళకి వేలాడుతూ గోడలు కొట్టేవాళ్ళం. చెక్కసుత్తితో ఒక్కో టైలూ కొట్టి వినడం. గట్టిదైతే టక్ మంటుంది. వెనక సిమెంటు వదిలేసి డొల్లగా ఉంటే డబ్ మంటుంది. ఇప్పుడు నా కుడి భుజం బాగాలేదు కదా, అందుకని తాడు మానేసి తూనీగని ఎగరేస్తున్నాను. తూనీగంటే మా డ్రోనే. ఆ పేరు నేనే పెట్టాను.

ఫిబ్రవరి 5

దక్షిణం గోడ మొదలుపెట్టాం. కిటికీలకి తెరలు వేసుకోమని నిన్ననే లిఫ్టు దగ్గర నోటీసు అంటించాం. ఎవరు చదువుతారు? నాలుగో అంతస్తులో ఒకాయన తూనీగని చూసి తెర వెయ్యకపోగా, లోపలికెళ్ళి తల దువ్వుకుని వచ్చి మరీ నిలబడ్డాడు. తొమ్మిదో అంతస్తు పెద్దావిడ తడి తువ్వాలు ఝాడించి దాన్ని ఈగని తోలినట్టు తోలింది. తమ్ముడు నవ్వి నవ్వి ఆకాశం చూడడం మర్చిపోయాడు. ఆ సందులో గద్ద రానే వచ్చింది. నేను తూనీగని గబుక్కున గోడ పక్కకి తెచ్చి కిందికి దింపేశాను. అది రెండు చుట్లు తిరిగి, ఇది తినే వస్తువు కాదని అర్థం చేసుకుని వెళ్ళిపోయింది.

చెప్పులేసుకుని నేల మీద నిలబడి పన్నెండో అంతస్తు చూడడం ఎంత హాయో. కాళ్ళ కింద నేల ఉంటుంది. టీ ఫ్లాస్కు పక్కనే ఉంటుంది. భుజానికీ విశ్రాంతి.

ఇంటికి రాగానే అత్తయ్య నూనె సీసాతో తయారు. తాడు పని మానేసిన దగ్గర్నుంచీ రోజూ ఇదే వరస. నన్ను చిన్న స్టూలు మీద కూర్చోబెట్టి, వెనక కుర్చీలో తను కూర్చుని, భుజానికి నూనె రాసి పిసుకుతుంది. మా ఆయన రైలు డ్రైవరు, వారంలో సగం రోజులు ఇంట్లో ఉండడు. ఉండేది మేమిద్దరం, మా మధ్యన ఈ సీసా. అయిపోవచ్చేసరికి తమ్ముడు ఇంకోటి తెచ్చి గుమ్మం దగ్గర పెట్టేసి వెళ్తాడు. ఎందుకురా ఇవన్నీ అంటే "ఉండనీ అక్కా" అంటాడు, తలెత్తడు.

ఫిబ్రవరి 6

గాలి. ఎగరలేదు.

ఫిబ్రవరి 7

పడమటి గోడ. కెమెరా బొమ్మలో ఎర్రమచ్చలు, అంటే డొల్ల టైల్సు, చాలానే ఉన్నాయి, అనుకున్నదే. ఒక మచ్చ మాత్రం అనుమానంగా కనిపించింది, మరీ నలుచదరంగా ఉంది. తూనీగని కొంచెం ఎడమకి జరిపితే మచ్చ కూడా జరిగింది. టైలు డొల్లదైతే మచ్చ ఉన్నచోటే ఉండాలి. ఇది ఎదురు బిల్డింగు అద్దాల మీద పడిన ఎండ, మా టైల్సు నున్నగా ఉండి దాన్ని అద్దంలా చూపిస్తున్నాయి. తీసేశాను. చూద్దాంగారు పక్కనే ఉండి చూసి "నీ కంటికి దొరకనిది లేదమ్మా" అన్నారు. ఆయన నోట చూద్దాం కాని మాట రావడమే గొప్ప, అందుకే రాసి పెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 8

తూర్పు గోడ అయింది.

నూనె రాస్తూ అత్తయ్య అడిగింది, అంత దూరం నుంచి చూసి ఏది డొల్లో ఏది గట్టిదో ఆ తూనీగకి ఎలా తెలుస్తుంది అమ్మాయ్ అని. చెప్పాను. దానికి వేడిని చూసే కెమెరా ఉంది. ఎండకి గోడ వేడెక్కుతుంది. టైలు సిమెంటుని గట్టిగా పట్టుకుని ఉంటే ఆ వేడి గోడ లోపలికి పోతుంది. వెనక డొల్లైతే పోయే దారి లేక టైలు ఒక్కటే కాలిపోతుంది, బొమ్మలో అక్కడ ఎర్రగా కనిపిస్తుంది.

"ఖాళీ మూకుడు తొందరగా కాలినట్టు" అంది.

"అంతే" అన్నాను. ఆవిడకి చెప్పడం సుఖం, ఒకసారి చెప్తే చాలు.

కాసేపు పిసికి, మళ్ళీ అడిగింది. "మరి ఎండ పడని గోడ సంగతేంటి?"

ఎండ పడకపోతే టైల్సు పాడవ్వవులే అత్తయ్యా అనేశాను. అలాంటి సూత్రం లోకంలో ఎక్కడా లేదు. నా నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా ఎడమ చెయ్యి ఊరికే కుడి భుజం మీదికి పోయింది. అక్కడ ఆవిడ చేతులున్నాయి.

ఫిబ్రవరి 10

ఉత్తరం గోడ. దానికి పొద్దస్తమానం ఎండ తగలదు. అటు పక్కనే బస్సు స్టాపు, ఒక బెంచీ. బొమ్మంతా ఒకటే నీలం, ఉతికి ఆరేసిన దుప్పటిలా. ఒక్క మచ్చ లేదు.

మా రిపోర్టులో మూడు రంగులుంటాయి. బాగున్నచోట పచ్చ. డొల్లగా ఉన్నచోట ఎరుపు, దాన్ని రిపేరు వాళ్ళొచ్చి పరంజా కట్టుకుని చూసుకుంటారు. కెమెరా చెప్పలేనిచోట బూడిద. బూడిద వేస్తే ఇక తాడే. ఒకరు దిగి చేత్తో కొట్టి చూడాలి, ఇంకొకరు పైన పిట్టగోడ దగ్గర తాడు కనిపెట్టుకుని ఉండాలి. ఒంటరిగా దిగకూడదు, అది రూలు. తమ్ముడికి జతగా పైన ఉండే ఆయన పోయిన నెల వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆఫీసులో తాడు లైసెన్సు ఉన్నది తమ్ముడికీ నాకూ.

మచ్చ లేనిదాన్ని ఏమంటారు? బాగుంది అంటారు. పచ్చ వేశాను.

పైన నిలబడి చూడడానికి భుజంతో పనేముంది అని ఎవరైనా అడుగుతారేమో అనుకున్నాను. ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని.

ఫిబ్రవరి 11

ఉత్తరం గోడ మామూలు ఫోటోల్లో కూడా చూశాను. పగులు లేదు. ఉబ్బు లేదు. బాగుంది.

ఫిబ్రవరి 12

మా ఆయన వచ్చాడు. ఫ్యాను రెక్కల మీద దుమ్ము చూసి నన్నొకసారి చూశాడు. ఒకప్పుడు పద్నాలుగు అంతస్తులు తాడు మీద దిగినదాన్ని, స్టూలెక్కి ఫ్యాను తుడవలేనా అని ఆ చూపు. భుజం అన్నాను. పాపం తనే ఎక్కాడు. రైలు నడిపేవాడికి స్టూలు మీద నిలకడ ఉండదని ఇవాళే తెలిసింది. పడలేదు కానీ పడ్డంత పనైంది. అత్తయ్య కింద నుంచి కొడుకు కాళ్ళు పట్టుకుని, నా వంక చూసింది. ఏదో ఒకటి అనేస్తే బాగుండేది.

ఫిబ్రవరి 14

రిపోర్టు ఇచ్చేశాం. సెక్రటరీగారు ఉత్తరం గోడ పచ్చగా ఉండడం చూసి ఊపిరి పీల్చుకున్నారు. జనం నిలబడేది అటే కదా, అది బాగుంటే మిగతావి మెల్లగా చేయించుకోవచ్చు అన్నారు. పడమటి వైపు మాత్రం ముందు పరంజా కట్టిస్తారట.

బయటికొచ్చాక తమ్ముడు అడిగాడు, ఉత్తరం మొత్తం పచ్చేనా అక్కా అని. పచ్చే అన్నాను. తలూపాడు. వాడంతే, నేను చెప్తే ఇంక రెండో మాట లేదు. చిన్నప్పుడు నీళ్ళు లోతు లేవు దిగరా అంటే దిగేసేవాడు. లోతు నేను చూశానో లేదో కూడా అడిగేవాడు కాదు.

ఫిబ్రవరి 16

ఒక తమాషా. టీవీ చూస్తూ స్టూలు మీద కూర్చున్నాను. అత్తయ్య నూనె పోసుకుని "ఊఁ" అంది, నేను భుజం వంచాను. ఆవిడ రాయడం మొదలుపెట్టింది. చాలాసేపటికి తెలిసింది నాకు, నేను వంచింది ఎడమ భుజం. ఇవాళ నొప్పి ఇటు వచ్చినట్టుంది అని గొణిగాను. "వస్తుంది, వస్తుంది. నొప్పికేం, ఎటైనా తిరుగుతుంది" అంది. టీవీలో ఏదో జోకు వచ్చింది, ఇద్దరం నవ్వాం. నవ్వు ఎక్కడ ఆపాలో నాకు తెలియలేదు.

ఫిబ్రవరి 19

అత్తయ్య మళ్ళీ తాళంచెవి పారేసింది. ఎక్కడ పెట్టారు అంటే పెట్టినచోటే ఉంటుంది అంటుంది. నాది పట్టుకుని ఇంకోటి చేయించడానికి వెళ్ళాను. దారిలో నాకు తెలిసిన తాళాలాయన ఒక్కడే, ఆ బిల్డింగు ఉత్తరం గోడ కింద కూర్చుంటాడు. తూనీగని ఎగరేసిన రోజున ఆయన్ని పక్కకి జరిపాం, అప్పుడే పరిచయం.

ఒక బల్ల, బల్ల మీద తాళంచెవులు కోసే మిషను, పక్కన ఒక స్టూలు. కూర్చోమన్నాడు. కూర్చున్నాను. నిజంగానే చల్లగా ఉంది. ఈ వీధి మొత్తానికి ఇంత నీడ ఇంకెక్కడా లేదమ్మా, అందుకే ఇన్నేళ్ళుగా ఇక్కడే అన్నాడు. బెంచీ మీద ఇద్దరు ముసలివాళ్ళు బస్సు కోసం కాకుండా ఊరికే కూర్చున్నారు. ఒకావిడ బిడ్డని భుజాన వేసుకుని గోడకి ఆనుకుని నిలబడింది. వచ్చేవాళ్ళంతా ఎండ తప్పించుకోవడానికి గోడకే అంటుకుని నిలబడుతున్నారు. నా కెమెరాకి పనికిరాని నీడ కోసమే జనం అక్కడికొస్తున్నారు. ఇన్నేళ్ళ పనిలో ఇది నాకు ఒక్కసారీ తట్టలేదు.

ఆయన మిషను తిప్పే ముందు బల్ల మీద పొడి ఉఫ్ అని ఊదాడు. తెల్లగా, ఇసకలా ఉంది. ఏమిటది అన్నాను. "పిచ్చుకలమ్మా. చలికాలం నుంచీ రోజూ పొద్దున వచ్చేసరికి ఇదే. పైన గోడ గీకుతాయి కాబోలు" అన్నాడు.

వేళ్ళతో తీసి నలిపాను. తలెత్తి చూశాను. గోధుమరంగు టైల్సు, ఏ తేడా కనిపించలేదు.

మీ ఇంట్లో పారేసేవాళ్ళున్నారంటున్నారు కదా, రెండు చేయించుకోండి అన్నాడు. రెండు చేయించుకున్నాను.

ఫిబ్రవరి 20

పిచ్చుకలే.

ఫిబ్రవరి 21

పిచ్చుకలు గోడ గీకవు. అది సిమెంటు. టైలుకీ గోడకీ మధ్యన ఉండాల్సిన సిమెంటు రాలుతోంది.

ఆ రోజు గురించి రాయకూడదనుకున్నాను. రాస్తాను, నా డైరీయే కదా.

వేసవిలో అద్దాల బిల్డింగు మీద ఉన్నాం. నేను తాడు మీద, తమ్ముడు పైన. పిట్టగోడ అంచు మీద తాడు ఒరుసుకోకుండా కింద ఒక మెత్త కడతారు. ఆ మెత్త జారింది. తాడు అంచు దిగి సర్దుకుంది, నేను ఒక చెయ్యి పొడవు కిందికి పడ్డాను. అంతే, ఒక్క చెయ్యి పొడవు. తాడు పట్టుకుంది, బెల్టు పట్టుకుంది, ఒంటికి గీత పడలేదు. నా చేతిలో సుత్తి మాత్రం జారిపోయింది. అది నేలకి చేరేదాకా చూశాను. చాలాసేపు పట్టింది. కింద తాడు కట్టి జనాన్ని ఆపాం కాబట్టి ఎవరూ లేరు. అది తగిలి ఎగిరిన చప్పుడు కూడా చాలాసేపటికి వచ్చింది.

పైకొచ్చాక తమ్ముడి మొహం పాలిపోయి ఉంది. ఏమైందక్కా అంటే భుజం పట్టేసింది అన్నాను. నోటికి ముందు వచ్చిన మాట అది. దానికి అత్తయ్య నూనె రాసింది, డాక్టరు బిళ్ళలిచ్చాడు, చూద్దాంగారు తూనీగనిచ్చారు. అందరూ కలిసి ఆ మాటని నిజం చేశారు. పాము కరిచినవాడికి తాడు చూసినా భయమంటారు. నాకు తాడే పామైంది. మా డాబా మీద బట్టలు ఆరెయ్యడానికి కూడా అత్తయ్యనే పంపుతున్నాను. ఆవిడ మోకాళ్ళతో.

నా భుజానికి ఏమీ లేదు. నాకు భయం. రాశాను. ఎవరూ చూడరు, అయినా లేచి తలుపు గడియ పెట్టొచ్చాను.

నా భయానికి నేను పచ్చరంగు వేశాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు. ఆ పచ్చ కింద తాళాలాయన కూర్చుని పొడి ఊదుకుంటున్నాడు.

ఫిబ్రవరి 22

పొద్దున్నే చూద్దాంగారి గదికి వెళ్ళాను. ఉత్తరం గోడ పచ్చ కాదండీ బూడిద అన్నాను. ఎలా పొరబడ్డావమ్మా అన్నారు. పొరబడలేదు, బూడిద వేస్తే పైకెక్కాలి, ఎక్కలేక కావాలనే వేశాను అన్నాను. భుజమా అన్నారు. కాదండీ, భయం అన్నాను. పొడి సంగతీ చెప్పాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. చూద్దాం అంటారని ఎదురుచూశాను. ఆ మాట కోసం నేను ఎదురుచూసిన రోజు ఇదొక్కటే.

"రేపు పొద్దున్నే. ఇప్పుడు ముందు వెళ్ళి కింద జనాన్ని లేపెయ్" అన్నారు. సెక్రటరీగారికి తనే ఫోను చేశారు. నేను తలుపు దాకా వెళ్ళాక, నీ సంగతి తర్వాత చూద్దాం అన్నారు.

తమ్ముడూ నేనూ వెళ్ళి గోడ పొడుగునా రిబ్బను కట్టాం. బెంచీని రోడ్డు అవతలికి మార్చాం. తాళాలాయన కదలనన్నాడు. అవతల మండే ఎండ, నా మిషను కాలిపోతుంది, అయినా గోడ బాగుందని రిపోర్టు వచ్చిందని సెక్రటరీగారే చెప్పారే అన్నాడు.

"ఆ రిపోర్టు రాసింది నేనే. తప్పు రాశాను" అన్నాను.

నా మొహంలోకి చూశాడు. గోడ వంక చూశాడు. ఇంకేమీ అడగకుండా బల్ల మడిచాడు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

తమ్ముడు రిబ్బను పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. రేపు పైన నువ్వు ఉండాలట, ఆ భుజంతో ఎలా అక్కా, నేనే ఇంకెవరినైనా వెతుకుతాను అన్నాడు. రేపు మాట్లాడదాంరా అన్నాను. మింగలేక కక్కలేక ఇంటికొచ్చాను. నూనె రాయించుకున్నాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

అన్నీ వరసగా రాస్తాను, లేకపోతే రేపటికి నేనే మార్చేసుకుంటాను.

లిఫ్టులో పద్నాలుగు దాకా, అక్కడి నుంచి మెట్లు. డాబా మీదికి రాగానే నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళి గోడకి వీపు ఆనించి కింద కూర్చున్నాను. తమ్ముడు తాళ్ళు విప్పుతున్నాడు. వాణ్ణి పిలిచాను. చేతులు దులుపుకుంటూ వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"నా భుజానికి ఏమీ కాలేదురా. ఆ రోజూ లేదు, ఇప్పుడూ లేదు. నాకు భయం పట్టుకుంది. అది చెప్పుకోలేక భుజం అన్నాను."

కోపం వస్తుందనుకున్నాను. వాడి కళ్ళలో నీళ్ళొచ్చాయి.

"ఆ రోజు అంచు మెత్త కట్టింది నేను" అన్నాడు. "ఇన్నాళ్ళూ నీ చెయ్యి నేనే పోగొట్టాననుకుంటున్నానక్కా."

గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళే ఆ సీసాలు. తలెత్తకపోవడం. నేను భుజం అన్న ప్రతిసారీ వాడు అదే వింటున్నాడు. నా మీద నాకు ఇంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు. వాడి తల దగ్గరికి లాక్కున్నాను, చిన్నప్పుడు నీళ్ళలోంచి లాగినట్టు. ఇద్దరం అలా ట్యాంకు వెనక కూర్చున్నాం. తర్వాత వాడే ముక్కు తుడుచుకుని, ముందే చెప్పుంటే ఎన్ని నూనె సీసాలు మిగిలేవో తెలుసా అన్నాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

"పిట్టగోడ దాకా రాగలవా?" అన్నాడు.

"తెలీదు."

"కూర్చునే రా. నిలబడాలని రూల్లో లేదు."

డాబా మీద కూర్చుని, చేతులు ఆనించుకుంటూ, పసిపిల్లలా పాకుతూ వెళ్ళాను. నా బెల్టు గోడలోని ఇనపకొక్కేనికి తగిలించుకున్నాను. అంచు మెత్త నేనే కట్టాను. రెండోసారి విప్పి కట్టాను. వాడు నవ్వుతూ ఊరుకున్నాడు. తర్వాత పిట్టగోడ దాటి, నా కళ్ళలోకి చూస్తూ మెల్లగా దిగిపోయాడు. నేను మోకాళ్ళ మీద కూర్చుని గడ్డం పిట్టగోడకి ఆనించి తాడు వంకే చూశాను. వాకీటాకీలో సుత్తి చప్పుడు వినిపిస్తూనే ఉంది. టక్. టక్. టక్. పదమూడో అంతస్తంతా టక్ టక్ మనే ఉంది. ఒకవేళ గోడ నిజంగానే బాగుందేమో అనే ఆశ, ఇంత జరిగాక కూడా, సిగ్గులేకుండా వచ్చింది నాకు.

పన్నెండో అంతస్తు కిటికీ పక్కన డబ్ మంది. మళ్ళీ డబ్. వాడు సుత్తి పక్కకి జరిపాడు, డబ్. ఇంకా పక్కకి, డబ్. తర్వాత కొట్టడం ఆపేశాడు.

"అక్కా, కింద ఎవరూ లేరు కదా?"

ఆ డబ్ మన్నచోటు మీది నుంచి వాడు కన్ను తియ్యకూడదు, తల తిప్పి కిందికి చూడలేడు. చూడాల్సింది నేనే. తల బయటికి పెట్టి కిందికి చూశాను. కళ్ళు తిరిగాయి. ఎడమ చేత్తో కొక్కెం పట్టుకుని మళ్ళీ చూశాను. రిబ్బను ఉంది. రిబ్బను లోపల ఎవరూ లేరు. బల్ల ఉండే చోట నాలుగు కాళ్ళ మరకలు. రోడ్డు అవతల ఎండలో తాళాలాయన పేపరు నెత్తిన వేసుకుని కూర్చున్నాడు.

"లేరు" అన్నాను.

వాడు సుత్తితో కొట్టలేదు. అరచెయ్యి ఆనించి చూశాడంతే అని తర్వాత చెప్పాడు. తలుపంత ముక్క గోడని వదిలేసింది. టైల్సన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని అలాగే పలకలా కిందికి వెళ్ళింది. నేను దాన్ని చూడలేదు, తాడునే చూశాను. తాడు కదల్లేదు. చప్పుడు తర్వాత వచ్చింది.

దుమ్ము తేలిపోయాక కిందికి చూశాను. నాలుగు కాళ్ళ మరకలు ఉన్నచోట టైల్సు కుప్ప. తాళాలాయన లేచి నిలబడ్డాడు. నెత్తి మీద పేపరు తీసి చేత్తో పట్టుకుని, ఎండలో అలాగే నిలబడ్డాడు.

"ఉన్నావా అక్కా?" అన్నాడు తమ్ముడు.

"ఉన్నాను. పైకి రా" అన్నాను. వాడు పైకొచ్చేదాకా పిట్టగోడ దగ్గరే ఉన్నాను.

సాయంత్రం అత్తయ్య స్టూలు వేసి సీసా తీసింది. ఇవాళ వద్దు అత్తయ్యా అన్నాను. నా భుజానికి ఏ నొప్పీ లేదు, ఎప్పుడూ లేదు అన్నాను. ఇంత పని మీ చేత ఊరికే చేయించుకున్నాను అన్నాను. ఆవిడ సీసా మూత తిప్పుతూనే ఉంది.

"తెలుసు" అంది.

"ఎప్పటి నుంచి?"

"మొదటి వారం నుంచే. నొప్పున్నచోట నొక్కితే మనిషి ఊరుకుంటుందా? నువ్వు నిద్రపోయేదానివి."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు రాశారు?"

అరచేతిలో నూనె పోసుకుని, రెండు చేతులూ రుద్దుకుంది. "నొప్పి ఎక్కడో ఉంది కదమ్మాయ్. ఎక్కడో నువ్వు చెప్పేదాకా భుజానికే రాద్దామనుకున్నా" అంది.

చేతిలో పోసుకున్న నూనె దండగ చెయ్యకు, కూర్చో అంది. కూర్చున్నాను. కుడివైపు వంగబోతే వద్దంది, ఎడమది ఇటు తిప్పు, ఇన్నాళ్ళూ దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు అంది.

తిప్పాను.